ఏకసభ్య నిజనిర్ధారణ కమిటీ

మా ఇల్లు ఈసీఐఎల్ చౌరస్తాకి నడిచి వెళ్ళేంత దూరం. నేను ఇంట్లో ఎందుకూ కొరగాకుండా పోవడానికి మొదటి కారణం అదే. దేశంలో ఈవీఎంలు తయారుచేసేవి రెండే రెండు ప్రభుత్వ సంస్థలు. బెంగళూరులో బీఈఎల్, హైదరాబాదులో ఈసీఐఎల్. ఆ పేరు బోర్డు మీదున్న బస్సులో రోజూ తిరిగేవాడికి యంత్రం గుట్టు తెలిసే ఉంటుందని మా అత్తవారి తరఫు వాళ్ళ నమ్మకం. నిజానికి నేను ఆ కంపెనీ గేటు దాటి లోపలికి పోయిందే లేదు. నాది ఇన్సూరెన్సు ఉద్యోగం. అయినా పెద్దవాళ్ళ నమ్మకం వమ్ము చేయడమెందుకని ఈవీఎంల గురించి చదవడం మొదలుపెట్టాను. చెడిపోయింది అక్కడే.

అత్తవారి వాట్సాప్ గ్రూపు పేరు ‘మన కుటుంబం’. తెనాలి నుంచి మామయ్యగారు, విజయవాడ నుంచి మా పెద్ద తోడల్లుడు, డాలస్ నుంచి బావమరిది, ఎవరి పుట్టినరోజో తెలియకపోయినా కేకు బొమ్మలు పెట్టే అత్తయ్యగారు, అందులో ముఖ్యులు. మామయ్యగారిది ఒక పార్టీ, తోడల్లుడిది ఇంకో పార్టీ. ఏది ఎవరిదో నేను చెప్పను. ఏ ఏడాది ఎవరు ఈవీఎంలను తిట్టారో చూస్తే మీకే తెలిసిపోతుంది.

2019లో తిట్టింది తోడల్లుడు. ఆ జనవరిలో లండన్‌లో ఒక విలేఖరుల సమావేశం జరిగింది. ముఖం కప్పుకుని అమెరికా నుంచి స్కైప్‌లో మాట్లాడిన ఒకాయన, తాను ఈసీఐఎల్‌లో ఈవీఎంల తయారీలో పనిచేశానని, 2014 ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందని చెప్పాడు. “మీ వీధిలోనే కదా, కనుక్కో తమ్ముడూ” అని తోడల్లుడు ఆ వీడియో నాకు తగిలించాడు. ఆ మనిషి 2009 నుంచి 2014 వరకూ తమ దగ్గర ఉద్యోగిగా గానీ, ఈవీఎంల రూపకల్పనలో గానీ లేనేలేడని ఈసీఐఎల్ రాతపూర్వకంగా చెప్పింది. ఎన్నికల సంఘం ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఇదంతా పత్రికలో వచ్చిన సంగతే. నేను మాత్రం స్వయంగా కంపెనీకి పోయి హాజరుపట్టీ తిరగేసి వచ్చినవాడిలా రాశాను. అత్తయ్యగారు చప్పట్ల బొమ్మ పెట్టారు. ఆ చప్పట్ల రుచి మరిగాను.

పని ఎలా చేస్తానో కూడా ఒప్పేసుకుంటాను. వీడియో ఆపి, అందులోంచి ఒక ఫొటో తీసి, గూగుల్‌లో వెతుకుతాను. అది ఎప్పుడు మొదటిసారి బయటికొచ్చిందో చూస్తాను. షాపు బోర్డుల మీద లిపి ఏది, వాహనం నంబరు ఏ రాష్ట్రానిది, కానిస్టేబుల్ టోపీ ఏ రంగు, ఇవన్నీ కళ్ళద్దాలు పైకెత్తి పరిశీలిస్తాను. ఇంత చేశాక తెలిసేదేమిటంటే, హైదరాబాదు నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ వాళ్ళు ముందురోజే ఆ సంగతి తేల్చేసి ఉంటారు. దాన్నే నా మాటల్లోకి మార్చి గ్రూపులో పెడతాను. ఈలోగా మా ఆవిడ “మూడు విజిల్స్ రాగానే కట్టేయండి” అని చెప్పి పోయిన కుక్కరు ఎన్ని కూతలు కూసిందో నాకు తెలియదు. పప్పు మాత్రం గిన్నె అడుగుకి అంటుకుని ఉంటుంది. “అయిదొచ్చాయేమో” అంటాను. “మూలం ఏమిటి?” అంటుంది ఆవిడ. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది.

2024లో పాత్రలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో మే 13 పోలింగ్, జూన్ 4 లెక్కింపు. 2019లో 151 సీట్లొచ్చిన పార్టీకి 11 వచ్చాయి. అప్పుడు ప్రత్యర్థికి 23 వస్తే యంత్రాలు భేషుగ్గా ఉన్నాయన్న మామయ్యగారికి, ఇప్పుడు అవే యంత్రాల్లో బ్లూటూత్ కనిపించింది. తోడల్లుడేమో ఈసీఐఎల్ తెలుగువాడి ఇంజినీరింగ్ ప్రతిభకు నిదర్శనమని స్టేటస్ పెట్టుకున్నాడు. నేను 2019లో తోడల్లుడికిచ్చిన జవాబులు ఫోనులో దాచుకునే ఉన్నాను. ‘అన్నయ్యగారూ’ తీసేసి ‘మామయ్యగారూ’ చేర్చి పంపాను. ఒకచోట మార్చడం మరిచిపోయాను. మామయ్యగారు బడిపంతులుగా చేసి దిగినవారు. కాపీ ఇట్టే పట్టేశారు.

పార్టీల పెద్దలదీ ఇదే వరస. 2009లో ఓడాక భాజపా నాయకుడు జీవీఎల్ నరసింహారావు ఈవీఎంలను నమ్మవచ్చా అంటూ 2010లో పుస్తకమే రాశారు. ముందుమాట ఎల్.కె. అద్వానీది. 2019లో చంద్రబాబు నాయుడు సుప్రీంకోర్టుకెక్కారు. 2024 జూన్‌లో జగన్‌మోహన్‌రెడ్డి పేపర్ బ్యాలెట్ కావాలన్నారు. అసలు ఈ యంత్రం పుట్టుకే అలాంటిది. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి 50 బూత్‌లలో పెట్టారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్ళై పోలింగుకి ముందే యంత్రాలు వద్దని కోర్టుకెళ్ళాడు. తీరా 123 ఓట్లతో తనే గెలిచాడు. అంతటితో ఆయన అభ్యంతరం మాయమైంది. అప్పుడు ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ కోర్టుకెళ్ళాడు. మోసం జరిగిందని కాదు, యంత్రాలు వాడే వీలు చట్టంలో లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ బూత్‌లలో జరిగిన ఎన్నిక కొట్టేసింది. కాగితాల మీద మళ్ళీ ఓటేస్తే జోస్ గెలిచాడు. ఈ కథ నేను గ్రూపులో పెట్టినప్పుడు మామయ్యగారూ తోడల్లుడూ మొదటిసారి ఏకమై, “మధ్యలో కేరళ ఎందుకు?” అన్నారు.

మామయ్యగారి మొదటి పాయింటు, వేసిన ఓటును చీటీ మీద చూపించే వీవీప్యాట్ మీద. “ఆ చీటీ ఏడు సెకన్లు కనబడి పడిపోతుంది. ముసలికళ్ళకి ఏం తెలుస్తుందయ్యా?” ఏడు సెకన్లన్నది నిజమే. తిరుమలలో మనం గంటలు నిలబడి చూసొచ్చేది అంతకన్నా తక్కువసేపే కదండీ అన్నాను. దేవుణ్ణీ వీవీప్యాట్‌నీ ఒకే గాటన కట్టానని ఆయన రెండు రోజులు పలకలేదు. చీటీలో వేరే గుర్తు వచ్చిందనుకుంటే అక్కడికక్కడే అధికారికి రాసివ్వవచ్చు, ఏజెంట్ల ముందు పరీక్ష ఓటు వేయిస్తారు, ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష పడవచ్చు అని 49ఎంఏ నిబంధన మొత్తం రాశాను. అది ఎవరూ చదవలేదు. ఆయన ఫార్వర్డు పది మాటలుంటే నా జవాబు మూడు స్క్రీన్లుంటుంది.

రెండోది పోలింగ్ శాతం. “సాయంత్రం అయిదింటికి 68 అన్నారు. చివరికి 81.86 ఎలా అయింది? రాత్రికి రాత్రి ఎవరు గుద్దారు?” చాలామందిని నమ్మించిన పాయింటు ఇది. పోలింగ్ ముగిసే వేళకి వరసలో ఉన్నవాళ్ళందరికీ చివరి మనిషి దగ్గర్నుంచి మొదలుపెట్టి చీటీలిస్తారు. వాళ్ళు అయ్యేదాకా బూత్ నడవాల్సిందే. ఆ రోజు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. పోస్టల్ ఓట్లు కలిపాకే ఆ 81.86. నేను ఇదంతా టైపు చేస్తుండగానే అత్తయ్యగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. “ఏమిటా గొడవ? ఆ రోజు ఎండ తగ్గాక పోతానని మీరు ఇంటికొచ్చిందే రాత్రి తొమ్మిది దాటాక. నేను పెరుగన్నం కలుపుకుని కూర్చున్నాను.” రాత్రికి రాత్రి పెరిగిన ఓట్లలో ఒకటి మామయ్యగారిదే. నా జన్మలో ఇంత చక్కటి నిజనిర్ధారణ నేను చేయలేదు.

అక్టోబరులో హర్యానా లెక్కింపు అయ్యాక బ్యాటరీ గొడవ వచ్చింది. రోజంతా పనిచేసిన యంత్రంలో 99 శాతం ఛార్జింగ్ ఎలా ఉంటుందని. ఈసారి అడిగింది డాలస్ బావమరిది. మనకి ఫోను బ్యాటరీ అలవాటు. పొద్దున నూరు, మధ్యాహ్నం యాభై, సాయంత్రానికి సున్నా. కంట్రోల్ యూనిట్‌లో వేసేది ఛార్జింగ్ బ్యాటరీ కాదు, ఆల్కలైన్‌ది. 7.4 వోల్టులకు పైన ఉన్నంతసేపూ తెరమీద 99 అనే చూపిస్తుంది. దిగాకే అసలు శాతం మొదలవుతుంది. అడిగినవాడు సాఫ్ట్‌వేరులో పదిహేనేళ్ళుగా ఉన్నవాడు కాబట్టి కొంచెం ఎక్కువ ఆనందించాను. అమెరికాలో అయితే అంతా కాగితమే బావా, అన్నాడు తేరుకుని. అక్కడ ఆ కాగితానికి జరిగింది వాడికే చెప్పాల్సి వచ్చింది. 2020లో జార్జియాలో యాభై లక్షల దాకా బ్యాలెట్లను చేత్తో లెక్కపెట్టినా నమ్మనివాళ్ళు నమ్మలేదు. అరిజోనాలో ఆ తరవాతి ఏడాది ఓడినవాళ్ళ వైపు పెద్దలే లెక్కపెట్టించారు. ఆసియా నుంచి దొంగ బ్యాలెట్లు వచ్చాయేమోనని కాగితంలో వెదురు పీచుకోసం కూడా వెదికారు. పీచు దొరకలేదు. బైడెన్‌కి 99 ఓట్లు పెరిగాయి, ట్రంప్‌కి 261 తగ్గాయి.

ఇక ఫారం 17సి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోలింగ్ అయ్యాక, ఈ బూత్‌లో ఇన్ని ఓట్లు పడ్డాయి, కంట్రోల్ యూనిట్ నంబరు ఇది, సీళ్ళ నంబర్లు ఇవి అని రాసి అధికారి సంతకం పెట్టి ఏజెంట్లకు తలా ఒక కాపీ ఇస్తాడు. లెక్కింపు రోజు బల్ల మీదికొచ్చిన యంత్రం అదేనా, అందులో ఓట్లు అన్నేనా అని చూసుకోవడానికి సామాన్యుడి చేతిలో ఉండే ఆయుధం ఈ ఒక్క కాగితమే. 2019లో మా తోడల్లుడు స్వయంగా బూత్ ఏజెంటు. ఓట్లు మారిపోయాయని ఆరు వారాలు గొంతు చించుకున్నవాడిని, నీ 17సి ఏది అన్నయ్యగారూ అని అడిగాను. ఇల్లంతా వెతికి ఫొటో పంపాడు. అధికారి సంతకం చక్కగా ఉంది. వెనకవైపు ఏజెంట్లకు తెప్పించిన టిఫిన్ల లెక్క. ఇడ్లీ ఆరు ప్లేట్లు, పెసరట్టు మూడు, టీలు రాయలేదు. ముందువైపు ఓట్ల సంఖ్య దగ్గర అల్లం పచ్చడి మరక.

అన్నీ అబద్ధాలే వస్తాయని కాదు. అభ్యర్థి బూత్‌లోకి దూరి యంత్రాన్ని నేలకేసి కొట్టిన వీడియోలు రెండూ నిజమైనవే. 2019లో గుత్తిలో, 2024లో మాచర్ల దగ్గర పాల్వాయి గేటులో. ఒక్కో ఎన్నికలో ఒక్కో పార్టీవాడు. అస్సాంలో 2021లో పోలింగ్ సిబ్బంది ఈవీఎంతో సహా ఒక అభ్యర్థి భార్య కారెక్కిన మాటా నిజమే. సిబ్బందిని సస్పెండ్ చేసి అక్కడ రీపోలింగ్ పెట్టారు. ఇలాంటివాటికి ‘నిజం’ అని రాయాలంటే నాకు చెయ్యి రాదు. అబద్ధమైతే జవాబు మూడు స్క్రీన్లు, నిజమైతే ఒక బొటనవేలు బొమ్మ.

పేపర్ బ్యాలెట్ కావాలన్న మామయ్యగారి మీదికి తోడల్లుడు చండీగఢ్ మేయర్ ఎన్నిక వీడియో వదిలాడు. 2024 జనవరి 30న ఎన్నిక అధికారే కూర్చుని ఎనిమిది బ్యాలెట్ల మీద గీతలు గీసి చెల్లకుండా చేశాడు. కెమెరా పట్టేసింది. మూడు వారాలకి సుప్రీంకోర్టు ఫలితం తిరగరాసింది. చూశారా కాగితం సంగతి, అని నేనూ ఓ రాయి వేశాను. మామయ్యగారు ఒక్క వాక్యం రాశారు. “కాగితం కాబట్టి కెమెరాకి కనబడింది. యంత్రం లోపల గీస్తే ఏ కెమెరాకి కనబడుతుంది?”

దీనికి నా దగ్గర సగం జవాబుంది. ఒక్కో అసెంబ్లీ స్థానంలో అయిదు వీవీప్యాట్‌ల చీటీలు లెక్కపెట్టి సరిచూస్తారు. అంతకుముందు ఒక్కటే ఉండేది. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని అయిదు చేసింది చంద్రబాబు తదితరుల పిటిషన్ మీదే. అది రాశాను. రాయనిది ఇంకొకటుంది. సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు తన కళ్ళతో సరిచూసుకోలేని పద్ధతి చెల్లదని 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం, అక్కడ వాడిన ఓటింగ్ యంత్రాల గురించి అచ్చం మామయ్యగారు అన్నమాటే అంది. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు. గ్రూపులో పెట్టలేదు. “ఆలోచించి చెప్తానండి” అని రాసి, పనిమనిషి రాలేదని చెప్పి జారుకున్నాను. పనిమనిషి వచ్చే ఉంది.

“మీ ఓటు తెలంగాణలో కదా, మీకెందుకు ఈ గొడవ?” అని మా ఆవిడ ఓ రోజు అడిగింది. ప్రజాస్వామ్యమనీ, సత్యమనీ ఏదో మొదలుపెట్టాను. “అదేం కాదు. బావగారు తప్పయితే ఎర్ర అక్షరాలతో ‘అబద్ధం’ అని ముద్ర వేస్తారు. నాన్న తప్పయితే ‘పరిశీలించదగినది’ అంటారు. మా తమ్ముడు తప్పయితే రెండు రోజులు ఈల వేసుకుంటూ తిరుగుతారు” అంది. ఖండించడానికి నా దగ్గర ఆధారాలు లేవు.

ఆ తరవాత మామయ్యగారు గ్రూపులో ఫార్వర్డులు మానేశారు. ఆయన మారారని నేను సంబరపడ్డాను. కాదట. నేరుగా కూతురికి పంపిస్తున్నారు, పైన ‘అల్లుడుగారికి చూపించవద్దు’ అని రాసి మరీ. ఆవిడ పక్కగదిలో ఆ వీడియోలు చూస్తూ ఉంటే చప్పుడు వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు. నరకం ఎలా ఉంటుందో నాకు తెలిసింది. చివరికి రాత్రి గిన్నెలన్నీ తోముతానని ఒప్పందం చేసుకుంటే, తోమడం అయ్యాక, మూకుడు వెనకవైపు కూడా చూసి, ఫోను చేతికిచ్చింది. ఈవీఎంలను వ్యానులో ఎత్తుకుపోతున్నారని వీడియో. కింద మామయ్యగారి జిల్లా పేరు రాసి ఉంది. నేను వేలు పైకెత్తానో లేదో ఫోను లాక్కుంది. “మీకు చూపించానని నాన్నకి తెలిస్తే ఈసారి ఆవకాయ జాడీ మొత్తం విజయవాడకే పోతుంది. తెలిసిందా?” తెలిసింది.

ఆ వ్యాను నంబరు ప్లేటు మీద మహారాష్ట్ర అక్షరాలున్నాయి. ఎవరికీ చెప్పే వీల్లేక మీకు చెబుతున్నాను. మామయ్యగారితో అనకండి.