పద్దెనిమిది కిలోల లెక్క

చీరాల పక్కన మా పేరాలలో విమానం ఎక్కినవాళ్ల కంటే విమానాల మీద తీర్పు చెప్పగలవాళ్లే ఎక్కువ. అందులోనూ బిజినెస్ క్లాసు మీదైతే చెప్పక్కర్లేదు. నేనూ ఆ రెండో జట్టువాణ్నే. కాబట్టి ఈ కాలమ్ రాయడానికి నాకు పూర్తి అర్హత ఉంది.

డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఓ రోజు వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, "ఈసారి మీరిద్దరూ బిజినెస్ క్లాసులో రండి నాన్నా. ఆ మోకాళ్లతో అంతసేపు ముడుచుకుని కూర్చోలేరు" అన్నాడు. పోయినసారి ఎకానమీలోనే రప్పించాడు. మోకాళ్లు అప్పుడూ ఇవే. ఈలోగా అక్కడ వాళ్ల పక్కింటాయన అత్తమామలు విమానంలో పడుకుని వచ్చారట. అన్నవాడు అంతటితో ఊరుకోక, వాట్సాప్‌లో ఒక పట్టిక పంపాడు. అడ్డంగా ఐదు విమాన సంస్థలు, నిలువుగా పదిహేడు గళ్లు: సీటు వెడల్పు, పడక పొడవు, తలగడ, లాంజి. బాబాయి దాన్ని చీరాలలో ప్రింటు తీయించి టీ కొట్టుకు తెచ్చాడు. మూడు నెలలు అది అక్కడే ఉంది. ఇప్పుడు దాని మీద సీటు వెడల్పు కంటే గ్లాసు అడుగు వెడల్పు స్పష్టంగా కనిపిస్తుంది.

మొదటి గడి ఖతార్ వాళ్లది. వాళ్లు 2017లో క్యూసూట్ అని తెచ్చారు. సీటుకి తలుపుంటుంది, వేసుకుంటే మీ గది మీది. టీ కొట్టు ముక్కున వేలేసుకుంది. పిన్ని మాత్రం, "తలుపేసుకుని కూర్చుంటే కాఫీ ఇచ్చే పిల్లకి మనం ఉన్నామో పోయామో ఎట్లా తెలుస్తుంది?" అంది. మధ్య వరసలో భార్యాభర్తలకు పక్కపక్కనే పడకలు వస్తాయనీ, కావాలంటే మధ్యలో అడ్డం పైకి లాక్కోవచ్చుననీ చదివి వినిపించాం. నలభై రెండేళ్ల కాపురం చేసిన మనిషి. పట్టికలో ఆవిడకి నచ్చిన మొదటి సౌకర్యం అదే. "ఆ అడ్డం ఎంతెత్తు ఉంటుందో కనుక్కోరా" అంది.

ఎమిరేట్స్ డబుల్ డెక్కర్ విమానంలో పై అంతస్తు వెనకాల బారు ఉంటుంది. బాబాయి ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. పిన్ని బాల్‌పెన్ తీసి ఆ గడి కొట్టేసింది. అదే సంస్థ పాత ట్రిపుల్ సెవెన్ విమానాల్లో బిజినెస్ సీట్లు రెండు, మూడు, రెండుగా వరస కట్టి ఉంటాయి. అంటే లక్షలు పోసి మధ్య సీటు కొనుక్కునే భాగ్యం. ఒంగోలు పల్లెవెలుగులో ఆ సీటు ఇస్తే కండక్టర్‌తో తగువు పెట్టుకుంటాం.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాత క్యాబిన్లలో ఒకరు ముందుకీ పక్కవాళ్లు వెనక్కీ తిరిగి ఎదురుబొదురుగా కూర్చోవాలి. మా లెక్కల మాస్టారు దాన్ని సమర్థించారు. "మన ముసలాళ్లకి అదే సరైన సీటు. అమెరికా వెళ్తూ కూడా పేరాల వైపే చూస్తుంటారు."

బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునైన పడక మొదట వేసింది కూడా బ్రిటిష్ ఎయిర్‌వేసే, 2000లో. అది విని టీ కొట్టు నవ్వింది. అప్పటికే ఎన్నో ఏళ్లుగా మనవాళ్లు చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చదునుగా పడుకుని హైదరాబాద్ వెళ్తున్నారు, తలకింద చెప్పులు పెట్టుకుని మరీ. ఇక కాళ్లు చాపుకునే చోటు గురించి చదువుతుంటే మగ్గం నేసే మామయ్యకి ఒళ్లు మండింది. "గుంట మగ్గంలో కాళ్లు కిందికి వేసి నలభై ఏళ్లు కూర్చున్నా. ఒక్కడూ వెచ్చటి తువ్వాలు తెచ్చివ్వలా." ఆయన కోపం న్యాయమే. మా చీరాల, పేరాల నేతగాళ్ల తేలియా రుమాళ్లు ఒకప్పుడు సముద్రం దాటి అరబ్బు దేశాల్లో తలపాగాలయ్యాయి. రుమాళ్లు దోహా, దుబాయిల దిక్కున దిగిపోయాయి. మనుషులు అక్కడ విమానం మారి ఇంకో పదహారు గంటలు పోతున్నారు.

అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు అక్కడే అయిపోతాయి. డాలస్‌లో దిగి బస్సు దిగినట్టు బయటికి నడిచి వెళ్లొచ్చని అబ్బాయి ఎర్ర అక్షరాల్లో రాశాడు. బాబాయికి అర్థమైంది వేరు. "అంటే పచ్చడి పారేసేదేదో అబుదాబిలోనే పారేస్తారన్నమాట." భోజనం గడిలో ఏవీఎంఎల్ అని ఉంటే, మద్రాసు ఏవీఎం సినిమా వాళ్లు వంటల్లోకి ఎప్పుడు దిగారని ఓ గంట చర్చ నడిచింది. అది భారతీయ శాకాహారానికి విమానాల వాళ్లు పెట్టుకున్న పొడి అక్షరాలు. అందులో మజ్జిగ ఉంటుందా అన్నదానికి పట్టికలో గడి లేదు.

పదిహేడు గళ్లలో పిన్ని నిజంగా చదివింది ఒక్కటే, సామాను. ఎకానమీలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. బిజినెస్‌లో 32 కిలోలవి రెండు. తేడా 18 కిలోలు. ఆ వారం టికెట్టు తేడా మనిషికి రెండున్నర లక్షలు చూపిస్తోంది. మాస్టారు సిగరెట్ పెట్టె అట్ట వెనకాల భాగహారం చేశారు. కిలోకి 13,888 రూపాయల 89 పైసలు. పిన్ని కాసేపు ఆలోచించి, "అయితే గోంగూర పెట్టను. ఆ ధరకి గోంగూర ఏం గౌరవం? ఆవకాయ, వేటపాలెం జీడిపప్పు పెడతా" అంది. పచ్చడి బరువును బట్టి క్లాసు మార్చే ప్రయాణికులు ఉంటారని ఏ సంస్థయినా తెలుసుకుంటే సీట్లు పీకేసి జాడీలకు అరలు వేయించేది.

పద్దెనిమిది అంకె అక్కడితో వదల్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ దాటిన తరగతుల టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతమైంది. ఎకానమీకి 5 శాతమే. పేరాలలో పన్ను మాట ఎత్తితే ఎవరో ఒకరు 1921 తీయక మానరు. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి, ఏడాదికి నాలుగు వేలుండే పన్నును నలభై వేలకు తెచ్చింది అప్పటి మద్రాసు సర్కారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఒక్క మాట అంటే జనం ఇళ్లు వదిలేసి పొలిమేర అవతల రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నారు. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ పదకొండు నెలలు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన మనిషి ఆయన. అంత దూరం ఓడలోనే పోయి వచ్చాడు, ఆయన కోసం ఎవరూ ఏ పట్టికా వేసి ఉండరు. బాబాయి వాళ్ల తాత ఆ పాకల్లో ఉన్నవాడే. పన్ను కట్టనని ఊరొదిలిన ఆ తాతకి మనవడు, ఊరొదలడానికి 18 శాతం పన్ను కట్టబోతున్నాడు. పైగా అమెరికా వాడు ఆరు నెలలు ఉండనిచ్చినా, పోయినసారి నాలుగో నెలకే పిన్ని అటక మీంచి సూట్‌కేసు దింపించింది.

అసలు మన అమ్మానాన్నల బిజినెస్ క్లాసు ఏదో విమాన సంస్థల కంటే శంషాబాద్ విమానాశ్రయంలో కుర్చీ తోసే కుర్రాళ్లకి బాగా తెలుసు. చక్రాల కుర్చీకి అదనంగా పైసా లేదు. వరసలో నిలబడక్కర్లేదు, గేటు వెతుక్కోనక్కర్లేదు. ఎక్కేటప్పుడు కుర్చీలో ఉన్నవాళ్లు దిగాక మనవణ్ని చూసి పరుగెత్తారని నవ్వుతారు కొందరు. నేనూ నవ్వాను, మా అమ్మ ఒంటరిగా వెళ్లేదాకా. దారి అడగడానికి భాష లేని చోట కాళ్లున్నా ఏం చేసుకుంటుంది?

మొత్తానికి అబ్బాయి పట్టిక పక్కన పడేసి, తనకి తోచిన విమానంలో రెండు మధ్య సీట్లు బుక్ చేసి పంపాడు. పడక చదును, పైజామా ఉచితం. బాబాయి లుంగీ ఇస్తారేమో అడగమన్నాడు గానీ అబ్బాయి ఫోన్ పెట్టేశాడు. టీ కొట్టు దగ్గర ఆ సాయంత్రం బజ్జీలు బాబాయి ఖాతాలోనే.

రెండు రోజుల తర్వాత మాస్టారు మెల్లగా అడిగారు, "శంషాబాద్ దాకా ఎట్లా వెళ్తున్నారు?"

ఆ మాట పట్టికలో లేదు. అప్పటికప్పుడు ఫోన్ తీసి చూస్తే వెళ్లాల్సిన రాత్రి చార్మినార్‌లో స్లీపర్ వెయిటింగ్ లిస్టు 43, 44. ఆకాశంలో పడక ఖాయమైంది, చీరాల స్టేషన్‌లో కాలేదు. బాబాయి రోజూ పొద్దున్నే పేపర్ కంటే ముందు ఆ అంకె చూడటం మొదలుపెట్టాడు. 31 అయింది, 12 అయింది. నిన్న చార్టు వేశాక మెసేజ్ వచ్చింది. ఆర్‌ఏసీ. ఇద్దరికీ కలిపి ఒకటే సైడ్ లోయర్, ఎదురెదురుగా కూర్చుని రాత్రంతా ప్రయాణం.

పిన్ని పెట్టెకి తాడు కడుతూ తలెత్తకుండానే అడిగింది, "మధ్యలో అడ్డం ఉంటుందా?"