ఇంకొకరు కావలెను: టీకా తాత్పర్య సహితము

మూలం

ఎల్ఎఫ్1ఎం హీలర్ స్ట్రాట్ లైవ్, ఆర్బ్ రెస్, జీ2జీ

అవతారిక

కర్త ఎవరో తేలలేదు. శ్రీనాథుడి పేర తిరిగే చాటువుల్లాగే దీనికీ కర్తృత్వం దక్కించుకోదగినవాళ్లు చాలామంది ఉన్నారు. చాట్‌లో పుట్టింది కనుక ఇదీ చాటువే అంటే లాక్షణికులు ఒప్పుకోకపోవచ్చు గానీ, అప్పటికప్పుడు, ఒక అవసరం మీద, నలుగురూ వినేలా చెప్పిన మాట అన్న లక్షణం మాత్రం సరిగ్గా సరిపోతుంది.

కాలనిర్ణయం సులువు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆట 2004 నవంబరు 23న విడుదలైంది. వేలమంది ఒకే లోకంలో తలా ఒక వేషం కట్టి, ఒకేసారి తిరిగే ఆట అది. జాతరకూ వీధినాటకానికీ పుట్టిన బిడ్డ అనుకోవచ్చు. అందులో 60వ మెట్టు దాకా ఎక్కినవాళ్లు ఐరన్‌ఫోర్జ్, ఒర్గ్రిమార్ అనే రాజధానుల్లో నిలబడి పై వాక్యాన్ని, పేర్లూ ఊళ్లూ మార్చి, పదేపదే ప్రకటించేవారు. ఆటగాళ్లు ఈ ఆటల్లో దేన్ని విలువైనదిగా ఎంచుతారో తెలుసుకోవడానికి సర్వేలున్నాయి, పరిశోధన పత్రాలున్నాయి. ఈ వ్యాఖ్యాత మాత్రం వాటిని పక్కన పెట్టుకుని, ముందు ఈ ఒక్క పంక్తినే పట్టుకుంటున్నాడు.

ప్రతిపదార్థం

ఎల్ఎఫ్ = వెదకుచున్నారము; 1 = ఒక్కరిని మాత్రమే; ఎం = ఇంకను; హీలర్ = గాయములు మాన్పువారిని; స్ట్రాట్ = స్ట్రాథోమ్ అను తగులబడిన నగరమునకు; లైవ్ = ప్రాణమున్నవారు కాపున్న వైపునకు; ఆర్బ్ = రైచస్ ఆర్బ్ అను గోళము; రెస్ = పిలిచినవానికే చెందును; జీ2జీ = తక్కిన మేమందరము సిద్ధము.

అన్వయం

మూలంలో పూర్తి క్రియ లేదు. తెలుగువాడికి అది వింత కాదు. ‘మాది గుంటూరు’ అన్నప్పుడూ క్రియ ఉండదు. ఇక్కడ ‘రా’ అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. ‘దయచేసి’ అన్నదాన్ని కూడా అధ్యాహారం చేసుకోవచ్చు, ఎందుకంటే నలుగురు దొరికి ఐదోవాడు దొరకనప్పుడు ఆ నలుగురి పరిస్థితి పంక్తిలో కూర్చుని వడ్డన కోసం చూసేవాళ్ల పరిస్థితే. విస్తరి ముందుంది, ఆకలీ ఉంది, వడ్డించేవాడే రాలేదు.

వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కలవాలని మన శాస్త్రం. ఐదుగురి గుంపు కట్టడానికీ ఆ మూడే కావాలి. ఆకాంక్ష: హీలర్ లేనిదే పని జరగదు. యోగ్యత: వచ్చినవాడి ఒంటి మీది కవచం, చేతిలోని దండం చూసి పనికొస్తాడా లేదా అని తేలుస్తారు. సన్నిధి: ‘ఎక్కడున్నావ్?’ అన్న ప్రశ్న. ఆట ఆనాటి పాఠంలో స్ట్రాథోమ్ తలుపు దాకా మామూలుగా ఎవరి కాళ్ల మీద, ఎవరి గుర్రం మీద వాళ్లు రావాలి. ఖండాంతరంలో చేపలు పడుతున్న హీలర్‌కు యోగ్యత ఎంత ఉన్నా సన్నిధి లేదు కనుక వాక్యం నిలవదు.

‘హీలర్’ దగ్గర

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. ఐదుగురిలో దెబ్బలు కాచేవాడు ఒకడు, మాన్పేవాడు ఒకడు, కొట్టేవాళ్లు ముగ్గురు. గల్లీ క్రికెట్ ఆడినవాళ్లకు సంగతి విడమరచనక్కర్లేదు: బ్యాటు కోసం కొట్టుకునేవాళ్లే అందరూ, కీపింగ్ అనగానే చెప్పుల కోసం వెతుక్కుంటారు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాడెవడన్న సామెత ఆటలో రోజూ రుజువవుతుంది. రాక్షసుడు ఎంత ఆర్భాటంగా కూలాడో హీలర్ సరిగా చూడనే చూడడు. అతని కళ్లు తెర పక్కనున్న పచ్చగీతల మీద ఉంటాయి. ఏ గీత తరుగుతోందో చూసి, దాన్ని మళ్లీ నింపడమే అతని యుద్ధం. అందరూ బతికితే కొట్టినవాళ్లు గొప్పవాళ్లు. అందరూ చస్తే హీలర్ ఏం చేస్తున్నాడన్న విచారణ మొదలవుతుంది.

అయినా ఆ పని కోరి చేసేవాళ్లున్నారు. 2005 సెప్టెంబరు 13న ఈ ఆటలో జుల్‌గురుబ్ అనే కొత్త స్థలం తెరిచారు. అక్కడి హక్కర్ అనే రాక్షసదేవుడు కొట్టిన శాపం పక్కవాడికి అంటుకునే రకం. అది ఆ గుడి ప్రాంగణం దాటకూడదని రూపకర్తల ఉద్దేశం. కానీ వేటగాళ్లు శాపం తగిలిన పెంపుడు జంతువుల్ని అక్కడ మాయం చేసి, ఊళ్లోకి వచ్చాక మళ్లీ బయటికి పిలిచారు. అంతే, రాజధానుల్లో శవాల గుట్టలు. కొందరు ఊరొదిలి పారిపోయారు, కొందరు కావాలనే జబ్బు అంటించి నవ్వారు. హీలర్లు కొందరు, ఎవరూ అడక్కుండానే, వీధుల్లో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకు వైద్యం చేశారు. 2007లో ‘లాన్సెట్ ఇన్‌ఫెక్షస్ డిసీజెస్’ పత్రికలో ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ దీని మీద వ్యాసం రాశారు. అంటువ్యాధి వేళ మనుషులు నిజంగా ఎలా నడుచుకుంటారో చూడ్డానికి ఇదొక అద్దమన్నారు. ఆ వైద్యం వల్ల రోగులు మరికాసేపు బతికి మరికొందరికి అంటించారన్నది వేరే సంగతి. హీలర్‌కు పేరు రాని సందర్భాల్లో అదొకటి.

‘ఆర్బ్ రెస్’ దగ్గర

రెస్ అంటే రిజర్వు చేయబడింది అని. అదే ఆటలో అదే రెండక్షరాలకు చచ్చినవాణ్ణి బతికించడమనే అర్థం కూడా ఉంది. హీలర్ పేరు అదే పంక్తిలో ఉంది కనుక కొత్తవాడు ‘గోళానికి ప్రాణం పోయాలి కాబోలు’ అనుకుంటే ప్రకరణజ్ఞానం లేదనాలే గానీ బుద్ధి లేదనకూడదు.

ఆయుధానికి క్రూసేడర్ అనే మంత్రం ఎక్కించాలంటే ఈ గోళాలు రెండు కావాలి. అందుకే వాటికి బజారులో గిరాకీ. గుంపు కట్టినవాడు వాటిని ముందే తన పేర రాసుకుంటున్నాడు. ఇందులో అన్యాయం ఉందా? ఆటగాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం లేదు. ముందే చెప్పి తీసుకుంటే రెస్. చెప్పకుండా తీసుకుంటే నింజా. వస్తువు అదే, చెయ్యీ అదే.

మిగిలిన సొమ్ముకు ‘నీడ్’, ‘గ్రీడ్’ అని రెండు మీటలుంటాయి. నిజంగా వాడుకునేవాడు మొదటిది, అమ్ముకునేవాడు రెండోది నొక్కాలి. తర్వాత 1 నుంచి 100 దాకా పాచికలు. అవసరానికీ ఆశకూ మధ్య గీత గీసే బాధ్యతను మనిషి వేలికే వదిలిపెట్టిన యంత్రం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్న సందర్భాలకు అక్కడ కొదవ లేదు. అయితే ఆ రోజుల్లో ఒక సర్వరు అంటే ఒక ఊరు. నింజా పేరు సాయంత్రానికల్లా రచ్చకెక్కేది, మర్నాడు వాణ్ణి ఏ గుంపూ చేర్చుకునేది కాదు.

నలభైమంది కలిసి చేసే దండయాత్రల్లో పాచికలతో పని జరగదు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో నాగఫెన్, వాక్స్ అనే రెండు డ్రాగన్ల కోసం ఆటగాళ్లే డీకేపీ అనే లెక్క కనిపెట్టారు. డ్రాగన్‌ను చంపిన ప్రతిసారీ హాజరైనవాడి ఖాతాలో పాయింట్లు పడతాయి. వస్తువు దొరికినప్పుడు వాటిని ఖర్చుపెట్టాలి. కొన్ని దండ్లలో పాయింట్లతో వేలం కూడా ఉండేది. చీటీపాట తెలిసినవాళ్లకు పద్ధతి వెంటనే అర్థమవుతుంది: కట్టడం అందరూ కడతారు, ఈ నెల ఎవరు పాడుకుంటారన్నదే ఉత్కంఠ. ఆ ఎవర్‌క్వెస్ట్ లోకం జాతీయోత్పత్తినే 2001లో ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త లెక్కగట్టి, తలసరిన అది రష్యాకూ బల్గేరియాకూ మధ్య నిలుస్తుందని తేల్చాడు.

మరి విలువ వస్తువు బలంలో ఉందా? రూన్‌స్కేప్ ఆటలో 2001 క్రిస్మస్‌కు పటాకుల్లాంటి కాగితపు గొట్టాలు పంచారు. చీల్చితే లోపల రంగుకాగితపు టోపీ. కత్తి దెబ్బ ఆపదు, మంత్రం పెంచదు. మళ్లీ పంచలేదు కనుక అవే ఆ ఆటలో అత్యంత ఖరీదైన వస్తువుల్లో చేరిపోయాయి. ఆనాడు పనికిరాదని పారేసినవాళ్ల నిట్టూర్పు వినాలంటే ఊరి చివర గజాల లెక్కన స్థలం వద్దనుకున్న పెద్దవాళ్లెవరినైనా కదిలించి చూడాలి.

పూర్వ వ్యాఖ్యాతల మతాలు

ఆటగాళ్లు దేనికి విలువిస్తారో చెప్పే శాస్త్రానికి రిచర్డ్ బార్టిల్ ఆదివ్యాఖ్యాత. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే, బొమ్మలు లేని అక్షరాల ఆటను ఆయన తోడై పూర్తిచేశాడు. 1996లో ఆటగాళ్లను పేకముక్కల లెక్కన నాలుగు రంగులు చేశాడు. నిధుల వెంటపడేవాళ్లు డైమను. మూలమూలలూ తవ్విచూసేవాళ్లు ఇస్పేటు, అంటే పార. కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఆఠీను. తోటివాళ్లను బాదడానికి వచ్చేవాళ్లు కళావరు, అంటే దుడ్డుకర్ర. తర్వాతివాడు నిక్ యీ. 3,000 మంది ఆటగాళ్ల జవాబుల్ని గణితంతో వడగట్టి, 2006లో సాధన, సాంగత్యం, లీనత అని మూడు కుప్పలు పోశాడు. ఒకే మనిషిలో మూడూ ఉండవచ్చని కూడా అన్నాడు. బార్టిల్ కంటే ఆ మాట న్యాయంగా ఉంది. చేతిలో ఒకే రంగు పట్టుకుని రమ్మీ ఎవరాడతారు?

పాఠాంతరం

2009 డిసెంబరులో ఈ వాక్యానికి పెద్ద గండం వచ్చింది. వార్‌క్రాఫ్ట్ కంపెనీవారు కొత్త పరిష్కరణ తెచ్చారు: మీట నొక్కితే చాలు, వేర్వేరు సర్వర్ల నుంచి ఐదుగురిని యంత్రమే ఏరి, కట్టి, గుహ లోపల దించుతుంది. అడగక్కర్లేదు, నడవక్కర్లేదు. సౌకర్యమే, సందేహం లేదు. కానీ పని అరగంటలో ముగిసేది, ఒక్క మాటైనా లేకుండా ఐదుగురూ మాయమయ్యేవారు. నింజాకు ఊరు లేదు, హీలర్‌కు పేరు లేదు.

పాత పాఠమే కావాలన్నవాళ్లు పెరిగారు. 2013లో కంపెనీ సమావేశంలో ఒక అభిమాని అదే అడిగితే, మీకు కావాలనిపిస్తోంది గానీ నిజానికి అక్కర్లేదన్న అర్థంలో జవాబొచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరిలో రూన్‌స్కేప్‌వారు 2007 నాటి ప్రతిని దుమ్ము దులిపి బయటపెట్టారు. దానికేది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓట్లలో 75 శాతం పడాలన్నారు. తర్వాత 70కి దించారు. అభిమానులు సొంతంగా నడిపిన నోస్టాల్రియస్ అనే పాత వార్‌క్రాఫ్ట్ సర్వరు 2016 ఏప్రిల్‌లో లాయరు నోటీసుతో మూతపడితే, రెండు లక్షలకు పైగా సంతకాలతో మహజరు వెళ్లింది. చివరికి 2019 ఆగస్టులో కంపెనీయే క్లాసిక్ పేర ప్రాచీన పాఠాన్ని అచ్చేసింది. మొదటిరోజు ఒక్క రాక్షసుడి కోసం జనం ఎగబడ్డ చోట్ల ఆటగాళ్లే వరస కట్టి, సర్వదర్శనం క్యూలో లాగా తమ వంతు కోసం నిలబడ్డారు. నిలబడమని ఆట చెప్పలేదు. ఎల్ఎఫ్1ఎం మళ్లీ వినబడింది.

‘1’ దగ్గర

పూర్వవ్యాఖ్యాతలు ఈ అంకెను సంఖ్యావాచకమని దాటేస్తారు. ఈ వ్యాఖ్యాత మతంలో పంక్తికి ప్రాణం ఇక్కడే ఉంది. నలుగురు సమర్థులు ఒక తలుపు ముందు ఆగిపోయారు, ఒక్కరు తక్కువ, ఆ ఒక్కరు ఎవరైనా కావచ్చు. చదివే ప్రతివాడూ అది తననే అనుకోవచ్చు.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే యువకుడికి డుషేన్ అనే కండరాల జబ్బు. చక్రాల కుర్చీ, చివరికి వేళ్లు మాత్రమే కదిలే స్థితి. వేల గంటలు ఈ ఆటలోనే గడిపాడు. కొడుకు స్నేహితులు లేకుండా, ఎవరికీ అక్కరకు రాకుండా వెళ్లిపోయాడే అని తల్లిదండ్రులు 2014లో, అతను 25 ఏళ్లకే పోయినప్పుడు, దుఃఖించారు. అతని బ్లాగులో ఆ మరణవార్తను తండ్రి పెట్టాక ఉత్తరాలు రావడం మొదలైంది. అవన్నీ ఇబెలిన్ అనేవాడి గురించి. ఆటలో అతని పేరది. ఒక తల్లికి, ఇల్లు కదలని కొడుకుతో ఆటలో ఎలా దగ్గర కావాలో చెప్పాడట. తన జబ్బు సంగతి మాత్రం ఏళ్ల తరబడి చెప్పలేదు. అంత్యక్రియలకు స్టార్‌లైట్ అనే అతని దండు సభ్యులు పరదేశాల నుంచి వచ్చారు. 2024లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆ సంభాషణలే సన్నివేశాలయ్యాయి. అతని కత్తి ఎంత బలమైనదో ఆ ఉత్తరాల్లో ఎవరూ ప్రస్తావించినట్టు లేదు.

‘జీ2జీ’ దగ్గర

అలంకారం శ్లేష. ‘మేం సిద్ధం’ అని ఒక అర్థం. ‘నేను వెళ్లాలి’ అని రెండోది. రెండూ వాడుకలో ఉన్నవే. యూరప్ సర్వరులో రాత్రి ఎనిమిదింటికి బయలుదేరిన గుంపులో హైదరాబాద్ కుర్రాడొకడు హీలర్‌గా ఉన్నాడనుకుందాం. శీతకాలంలో అప్పుడు అతని గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తుంది. గుహలో సగం దూరం నడిచాక అతని వైపు నుంచి జీ2జీ అని వస్తుంది. నలుగురూ మొదటి అర్థం తీసుకుని తలుపు తోస్తారు. వంటింట్లో లైటు వెలిగిందన్నది మూలంలో లేదు.

పది నిమిషాల తర్వాత అదే చానెల్లో ఈ పంక్తి యథాతథంగా మళ్లీ దర్శనమిస్తుంది. కొన్ని ప్రతులలో ‘హీలర్’ అన్న పదానికి ముందు ‘ఆఖరిదాకా ఉండే’ అన్న విశేషణం అధికంగా కనబడుతున్నది.