పవర్ పెరగదు, అయినా పెద్ద థ్రాటిల్ బాడీ వేయించండి

కారుకి పెద్ద థ్రాటిల్ బాడీ వేస్తే పవర్ పెరుగుతుందా అంటే, పెరగదు. అమ్మేవాళ్ల మాట పక్కన పెట్టి లెక్క చూడండి. 1.3 లీటర్ల ఇంజన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు ఎక్కువలో ఎక్కువ 65 లీటర్ల గాలి పీలుస్తుంది. థ్రాటిల్ నోరు 50 మిల్లీమీటర్లుంటే ఆ గాలి సెకనుకు సుమారు 33 మీటర్ల వేగంతో పోవాలి. ఆ వేగానికి ఖర్చయ్యే ఒత్తిడి ఒక కిలోపాస్కల్‌లో మూడింట రెండొంతులు. బయటి గాలి ఒత్తిడేమో 101 కిలోపాస్కల్స్. నోటిని 60 మిల్లీమీటర్లు చేస్తే దారి 44 శాతం పెరుగుతుంది, ఖర్చు సగానికి తగ్గుతుంది. 85 హార్స్‌పవర్ ఇంజన్‌కి దాంతో కలిసొచ్చేది మూడో వంతు హార్స్‌పవర్ కూడా ఉండదు.

అందుకే తెలిసినవాళ్లంతా వద్దంటారు. ఆ డబ్బు క్యామ్‌షాఫ్ట్‌కో ఎగ్జాస్ట్‌కో దాచుకోమంటారు. నేను మాత్రం ముందు థ్రాటిల్ బాడీయే వేయించమంటాను.

6,000 ఆర్‌పీఎం మనలో ఎంతమంది చూస్తారు? దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా వెళ్లండి, యాక్సిలరేటర్ పావు వంతు దాటి దిగదు. మన డ్రైవింగ్ అంతా ఆ పావు వంతులోనే. అక్కడ మాత్రం పెద్ద నోరు పని చేస్తుంది. నోట్లో తిరిగే రేకు అంతే తిరిగినా తెరుచుకునే సందు ఎక్కువ, లోపలికి పోయే గాలి ఎక్కువ. ఇంజన్ దగ్గర ఉన్న శక్తే కాలికి ముందుగా అందుతుంది. మెకానిక్ “పికప్ వచ్చింది సార్” అంటే అబద్ధం చెప్పినట్టు కాదు. కాలు కాస్త గట్టిగా నొక్కితే పాతదాంతోనూ అదే వస్తుందని వాదిస్తారు. వస్తుంది, కాదనను. కానీ కారు నడపడంలోని ఆనందం కాలికి తెలిసేదే, దాన్ని పవర్ కొలిచే డైనో కాగితం మీద వెతకడం నాకు ఒప్పుదల కాదు. టయోటా తన 20 వాల్వుల 4ఏ-జీఈ ఇంజన్‌కి 1991లో సిలిండర్‌కో థ్రాటిల్ పెట్టింది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3కి ఆరు పెట్టింది. కాలు కదపగానే ఇంజన్ పలకాలన్న కోరిక అంత పెద్ద కంపెనీలకే ఉంటే, మనకుండడం తప్పా?

అయితే అన్ని కార్లకీ కాదు. మారుతి 800 ఎంపీఎఫ్‌ఐ, ఎస్టీమ్ లాంటి కేబుల్ బండ్లకే వేయించండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న కొత్త కార్లలో రేకు ఎంత తిరగాలో ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) నిర్ణయిస్తుంది. పెద్దది బిగిస్తే ఐడ్లింగ్ గాడి తప్పి చెక్ ఇంజన్ లైటు వెలగొచ్చు, లేదా ఈసీయూ సర్దుకుని తేడాయే లేకుండా చేయొచ్చు. డీజిల్ బండి జోలికి అసలు పోకండి. అక్కడ శక్తిని నడిపేది డీజిల్ ఎంత పడుతుందన్నది. రేకు ఉన్నా దాని పని వేరు.

బిగించేటప్పుడు మేనిఫోల్డ్ నోరు కూడా అదే కొలతకి రావాలి. 60 మిల్లీమీటర్ల బాడీ వెనక 50 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే పెట్టిన డబ్బు దండగ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బోరింగ్ చేసే లేత్ షాపులు దొరుకుతాయి. ముందు మేనిఫోల్డ్ గోడ మందం కొలిపించండి, పల్చబడితే పగులుతుంది. గాస్కెట్ కొత్తదే వేయండి. రేకు మూసి ఉన్నప్పుడు పొజిషన్ సెన్సర్ వోల్టేజి చాలా కార్లలో అర వోల్టు దగ్గర ఉంటుంది, మీ కారు మాన్యువల్‌తో సరిచూడండి. ఇంజన్ స్టార్ట్ చేయకముందే కేబుల్‌ని చేత్తో లాగి వదలండి. రేకు ఎక్కడా పట్టేయకుండా టక్కున మూసుకోవాలి. ఇది ప్రాణాల మీది సంగతి, మెకానిక్ చూశాడులే అని ఊరుకోకండి.

కాలు అలవాటు పడేదాకా మొదటి గేరులో బండి కుదుపుతుంది. ఆ కొన్నాళ్లూ ఇంట్లో వేరేవాళ్లకి తాళం ఇవ్వకండి. పాత థ్రాటిల్ బాడీని పారేయకుండా నూనె రాసి దాచండి. ఎప్పుడైనా కారు అమ్మితే కొనేవాళ్లకి అదీ ఇవ్వాలి.