ఎంపీసీ ఉండగా సివిక్స్ దేనికి?

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో మంత్రివర్గ విస్తరణ మొదలవుతుంది. ఎంపీసీ, బైపీసీలకు కేబినెట్ హోదా. సీఈసీకి నామినేటెడ్ పోస్టు. హెచ్‌ఈసీ పేరెత్తినవాణ్ని అసమ్మతివర్గం కింద జమకట్టి బంధువుల చేత బుజ్జగింపులు జరిపిస్తారు. సివిక్స్ ఉన్నది ఈ చివరి రెండింట్లోనే కాబట్టి, మన పిల్లల్లో చాలామందికి రాజ్యాంగంతో సంబంధం పదో తరగతితోనే తెగిపోతుంది. 61వ సవరణ పుణ్యాన 1989 నుంచి ఓటు పద్దెనిమిదేళ్లకే వస్తోంది. అంటే సరిగ్గా ఓటుకు ముందు రెండేళ్లూ పిల్లవాడికి ఇంటిగ్రేషన్ నూరిపోసి, ఆపైన ఈవీఎం ముందు నిలబెడుతున్నాం.

రాజకీయం క్లాసులోకొస్తే కాలేజీ పార్టీ ఆఫీసైపోతుందని కొందరి భయం. మాస్టారు ఏదో ఒక పక్షం వహిస్తారన్నది కొట్టిపారేయదగ్గ అనుమానమేమీ కాదు. కానీ మన నాయకులు ఏ పార్టీకీ అన్యాయం జరక్కుండా ఉదాహరణలు సమకూర్చిపెట్టారు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టాన్నే తీసుకోండి. 2014లో వైకాపా టికెట్‌పై గెలిచినవారిలో 23 మంది తెదేపాలోకి నడిచారు. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు. తెలంగాణలో 2019 నాటికి కాంగ్రెస్‌కు మిగిలింది 18 మంది ఎమ్మెల్యేలైతే, అందులో 12 మంది తెరాసలో విలీనమయ్యారు. పద్దెనిమిదికి పన్నెండు, సరిగ్గా మూడింట రెండొంతులు! ఒక్కరు తగ్గితే ఫిరాయింపు, లెక్క కుదిరితే విలీనం. భిన్నాలు ఇంత శుభ్రంగా చెప్పే పాఠం ఎంపీసీ పుస్తకంలో కూడా దొరకదు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెబితే మాస్టారు ఏ పార్టీవారో పిల్లలకు అంతు చిక్కదు. పాఠం చెప్పకపోవడమే తటస్థత అనుకుంటే, 2020లో కరోనా భారం తగ్గించే పేరిట సీబీఎస్ఈ పదకొండో తరగతి రాజనీతిశాస్త్రంలోంచి ఆ ఏడాదికి తీసేసిన అధ్యాయాలు చూడండి: సమాఖ్య విధానం, పౌరసత్వం, జాతీయవాదం, లౌకికవాదం. వాటిని తీసేశాక ఇక మోయడానికి మిగిలిందేమిటో!

ఉద్యోగాలు రావంటారా? హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ వీధుల్లో ఒకసారి తిరిగి రండి. బీటెక్ పట్టా చేతబట్టుకుని, గ్రూప్-2 కోసం కోచింగ్ ఫీజు కట్టి, గవర్నర్ అధికారాలను బట్టీ పడుతున్నవాళ్లు ఎంతమందో కనిపిస్తారు. పదహారేళ్లప్పుడు సర్కారు కాలేజీలో దాదాపు ఉచితంగా దొరికే పాఠాన్నే పాతికేళ్లొచ్చాక వేలు పోసి కొనుక్కుంటున్నారు. కనుక ఇంటర్ బోర్డులకు మనవి: ఏ గ్రూపు వాడికైనా వారానికి రెండు పీరియడ్లు సివిక్స్ పెట్టండి. పర్యావరణ విద్యకు పెట్టినట్టు గట్టెక్కితే చాలనే పరీక్ష మాత్రం వద్దు. మార్కులు కలపండి. మార్కులు కలవని చదువును మన తల్లిదండ్రులు చదువుగా లెక్కపెట్టరు.