సభలో చోటు

1880 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ ఓటర్లు ఇద్దరిని గెలిపించి పార్లమెంటులో కామన్స్ సభకు పంపారు. నార్తాంప్టన్ బూట్ల తయారీకి పేరుపడ్డ ఊరు. ఆ నియోజకవర్గానికి రెండు సీట్లు.

మొదటివాడు హెన్రీ లబూషేర్. డబ్బున్నవాడు, పత్రిక నడిపేవాడు, వేళాకోళం మనిషి. దేవుడి మీద అతనికి పెద్దగా నమ్మకం లేదని తెలిసినవాళ్లకు తెలుసు. ఆ సంగతి అతను ఊరంతా చాటలేదు.

రెండోవాడు చార్లెస్ బ్రాడ్లా. లండన్‌లో ఓ గుమాస్తా కొడుకు. కుర్రతనంలో ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు చెప్పేవాడు. బిషప్‌గారు వస్తున్నారు, బాగా చదువుకో అన్నాడు చర్చి పాదిరీ. బ్రాడ్లా బాగానే చదివాడు. చదివాక వచ్చిన అనుమానాలన్నీ కాగితం మీద పెట్టి పాదిరీకే పంపాడు. పాదిరీ అతన్ని బడి నుంచి పక్కన పెట్టి, మీవాడు నాస్తికుడవుతున్నాడని తండ్రికి ఉత్తరం రాశాడు. పాదిరీ జోస్యం ఫలించింది. 1866లో బ్రాడ్లా దేశమంతటికీ ఒక సెక్యులర్ సంఘం పెట్టాడు. 1868లో, 1874లో పోటీచేసి ఓడిపోయాడు. తాను నాస్తికుణ్నన్న సంగతి ఎన్నడూ దాచలేదు.

సభలో కూర్చోవాలంటే ముందు ప్రమాణం చెయ్యాలి. ప్రమాణంలో దేవుడి పేరుంది. లబూషేర్ ప్రమాణం చేశాడు, సంతకం పెట్టాడు, వెళ్లి కూర్చున్నాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ తర్వాత సభలో అతను తనను తాను నార్తాంప్టన్ క్రైస్తవ సభ్యుణ్నని చెప్పుకుని నవ్వించేవాడు.

మే 3న బ్రాడ్లా వంతు వచ్చింది. దేవుడి పేరు లేకుండా మాట ఇస్తాను, ఒప్పుకోండి అన్నాడు. కొత్త కోరికేం కాదు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లకు ఆ సభలోనే ఆ వెసులుబాటు ఉంది. కోర్టుల్లో సాక్ష్యం చెప్పే నాస్తికులకూ అప్పటికి పదేళ్ల ముందే ఇచ్చారు. సభ ఒక సంఘం వేసింది. సంఘంలో ఓట్లు సరిసమానంగా చీలాయి. అధ్యక్షుడు తన ఓటు వద్దన్నవైపు వేశాడు.

అలాగైతే అందరిలాగే ప్రమాణం చేస్తానన్నాడు బ్రాడ్లా. అందులో దేవుడి మాటకు తనవరకు అర్థం లేకపోయినా, ఇచ్చిన మాటకు తన మనస్సాక్షి కట్టుబడి ఉంటుందని పత్రికలకు రాశాడు. అక్కడ వచ్చింది గొడవ. నమ్మనివాడు దేవుడి పేరు ఎత్తడం దైవదూషణ అన్నారు. లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్ అనే యువ సభ్యుడు బ్రాడ్లా రాసిన ఒక చిన్న పుస్తకం పట్టుకొచ్చి సభలో చదివాడు. చదివి నేలకేసి కొట్టి, బూటుకాలితో తొక్కాడు. ఆ పుస్తకం దేవుడి మీద రాసింది కాదు. రాజవంశం మీద రాసింది.

జూన్ 22న సభ తీర్మానం చేసింది. బ్రాడ్లా దేవుడి పేరుతో ప్రమాణం చెయ్యకూడదు. దేవుడి పేరు లేకుండానూ చెయ్యకూడదు.

మర్నాడు వచ్చి సభ ముందు తన వాదన చెప్పుకున్నాడు. బయటికి పొమ్మంటే పోనన్నాడు. గడియారపు గోపురంలో గదిలో పెట్టి తాళం వేశారు. బిగ్ బెన్ గంట మోగేది ఆ గోపురంలోనే. మరునాడు వదిలేశారు. ఆ గదిలో ఖైదుచేసిన సభ్యుల్లో ఆఖరివాడు అతనే అంటారు.

తర్వాత కొన్నాళ్లు, కోర్టు ఏం తేలిస్తే అదే అన్న షరతు మీద, దేవుడి పేరు లేకుండా మాటిచ్చి కూర్చున్నాడు. చెల్లదంది కోర్టు. సీటు పోయింది. ప్రమాణం చెయ్యకుండా వేసిన ఒక్కో ఓటుకు 500 పౌన్ల జరిమానా రాబట్టాలని పరులు దావాలు నడిపారు. 1881లో నార్తాంప్టన్ ఓటర్లు మళ్లీ గెలిపించారు. సభ రానివ్వలేదు. ఆగస్టు 3న లోపలికి రాబోతే పోలీసులు, సభ జవాన్లు కలిసి ఈడ్చి బయటికి నెట్టారు. ఆరడుగుల మనిషి. కోటు చిరిగిపోయింది.

1882 ఫిబ్రవరిలో ఒకరోజు తిన్నగా బల్ల దగ్గరికి నడిచి వెళ్లాడు. జేబులోంచి బైబిలు కొత్త నిబంధన తీశాడు. ఇంకో జేబులోంచి ప్రమాణం రాసిన కాగితం తీశాడు. ఎవరూ చేయించకుండా తనంతట తానే ప్రమాణం చేసేసి సంతకం పెట్టాడు. సభ అతన్ని బహిష్కరించింది. నార్తాంప్టన్ ఓటర్లు తిరిగి గెలిపించారు. 1884లోనూ దాదాపు ఇదే తంతు జరిగింది. ఓటర్లు విసుగుపడలేదు.

బ్రాడ్లాను సభలోకి వద్దన్నవాళ్లలో ఐర్లండు క్యాథలిక్ సభ్యులు చాలామంది ఉన్నారు. 1828లో వాళ్ల నాయకుడు ఓకానెల్ గెలిచినప్పుడు, ఇదే సభ గుమ్మం దగ్గర, ఇలాంటి ప్రమాణమే అడ్డుపడింది. యూదుడైన రోత్‌షీల్డ్ 1847లో గెలిస్తే 1858 దాకా గుమ్మం దాటనివ్వలేదు. రావాలన్నవాళ్లలో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఉన్నాడు. ఆయన నిష్ఠగల క్రైస్తవుడు. నాస్తికులకు మార్గం చూపే బిల్లు 1883లో ఆయన ప్రభుత్వమే తెచ్చింది. ఆ బిల్లు మీద ఆయన మాట్లాడింది ఆయన గొప్ప ఉపన్యాసాల్లో ఒకటని పేరొచ్చింది. బిల్లు మూడు ఓట్ల తేడాతో పోయింది.

1886 జనవరిలో కొత్త సభ కూడింది. స్పీకరు పీల్. బ్రాడ్లా ప్రమాణానికి కొందరు అభ్యంతరం చెప్పబోయారు. ఒక సభ్యుడికీ అతని ప్రమాణానికీ మధ్య అడ్డం రావడానికి నాకు గానీ మరొకరికి గానీ హక్కు లేదన్నాడు స్పీకరు. బ్రాడ్లా ప్రమాణం చేసి కూర్చున్నాడు. ఆరేళ్ల యుద్ధం అలా ముగిసింది. దైవదూషణ సంగతి ఆ రోజు ఏమైందో ఎవరూ అడగలేదు.

1888లో అతను తెచ్చిన బిల్లు చట్టమైంది. దేవుడి పేరు ఇష్టం లేనివాళ్లు ఎక్కడైనా సరే, అది లేకుండా మాటిస్తే చాలు. మరుసటి ఏడు డిసెంబరులో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చాడు. పార్లమెంటులో మన దేశం గురించి అంతగా మాట్లాడుతున్నాడని అప్పటికే అతనికి ఇండియా సభ్యుడని పేరు. 1891 జనవరి 27న, పాత తీర్మానాన్ని రికార్డుల్లోంచి కొట్టెయ్యాలని సభ నిర్ణయించింది. అప్పటికి బ్రాడ్లాకు స్పృహ లేదు. 30న పోయాడు. లండన్‌లో లా చదువుకుంటున్న గాంధీ అంత్యక్రియలకు వెళ్లారు. కొందరు పాదిరీలు కూడా వచ్చారని ఆత్మకథలో రాసుకున్నారు.

ప్రమాణం సంగతి అలా తేలింది. కూర్చోవడం సంగతి మిగిలింది.

కామన్స్ సభలో అందరికీ సరిపడా చోటు లేదు. ఎన్నడూ లేదు. 1941 మేలో జర్మన్ల బాంబులకు సభామందిరం కాలిపోయింది. తిరిగి కట్టేటప్పుడు అందరూ పట్టేలా పెద్దది కడదామన్న మాట వచ్చింది. అప్పటి ప్రధాని వద్దన్నాడు. అందరూ పట్టే సభ అయితే మామూలు రోజుల్లో బోసిపోతుంది, చర్చలో వేడి ఉండదు అని ఆయన వాదన. పాతదానంతే కట్టారు. ఆ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్. పుస్తకం తొక్కిన రాండాల్ఫ్ కొడుకు. ఇప్పుడు సభ్యులు 650 మంది. సీట్లు 427.

అంచేత చోటు దొరకబుచ్చుకోవడానికి ఒక పద్ధతుంది. సభ రోజూ ప్రార్థనతో మొదలవుతుంది. నాలుగు వందల ఏళ్లు దాటిన ఆచారం. తలుపులు మూస్తారు, సందర్శకులను రానివ్వరు, కెమెరాలు ఆపేస్తారు. ఇంగ్లండు చర్చి పాదిరీ ప్రార్థన చదువుతాడు. ఇరుపక్షాలవాళ్లూ లేచి, వెనక్కి తిరిగి, గోడవైపు మొహం పెట్టి నిలబడతారు. పూర్వం మొలకు కత్తులుండేవి, మోకరిల్లడం కుదిరేది కాదు, అందుకని అలా తిరిగి నిలబడేవారని చెబుతారు. ఇప్పుడు కత్తులు లేవు.

ప్రార్థనకు రావడం తప్పనిసరి కాదు. అయితే వచ్చినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. సభ మొదలుకాకముందే ఒక చీటీ తీసుకుని, నచ్చిన సీటు మీద పెట్టుకోవచ్చు. మనవాళ్లు బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టే. వెనకటి రోజుల్లో టోపీ పెట్టేవారు. చీటీ పెట్టినవాడు ప్రార్థనలో నిలబడితే ఆ సీటు ఆ రోజంతా అతనిదే. ప్రార్థనకు రానివాడు తర్వాత వచ్చి, మెట్ల మీదో ద్వారం దగ్గరో చోటు చూసుకోవచ్చు.

ప్రమాణం ఇప్పుడు ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెయ్యొచ్చు. బైబిలు పట్టుకునేవాళ్లున్నారు, ఖురాను పట్టుకునేవాళ్లున్నారు, భగవద్గీత పట్టుకునేవాళ్లున్నారు, ఏదీ పట్టుకోనివాళ్లు బోలెడుమంది ఉన్నారు. 2024లో ప్రధాని అయిన కీర్ స్టార్మర్ దేవుణ్ని నమ్మనని చెప్పినవాడే. అతని ప్రమాణంలో దేవుడి పేరు లేదు. గోడవైపు తిరిగి నిలబడే వరుసల్లోనూ అన్ని రకాలవాళ్లూ ఉంటారు. ఏ మతమైనా, ఏ మతం లేకపోయినా చీటీ ఒకటే. మామూలు రోజుల్లో కొద్దిమందే వస్తారు. బడ్జెట్ రోజున, ప్రధానిని ప్రశ్నలడిగే బుధవారం నాడు ప్రార్థనకు జనం ఎక్కువ.

చీటీతో పనిలేని సభ్యులు కూడా కొందరున్నారు. ముందు బెంచీల్లో ఒకవైపు ప్రధాని, మంత్రులు, ఎదురుగా ప్రతిపక్ష నాయకులు కూర్చుంటారు. ఆ సీట్లు ఆనవాయితీగా వాళ్లవే, వేరొకరు కూర్చోరు. ఆస్తికులు, నాస్తికులు అన్న తేడా లేకుండా, ప్రార్థనవేళ ఆ బెంచీలు దాదాపు ఖాళీగా ఉంటాయి.