బస్టాపు అడిగితే మెట్రో చూపిస్తారు

బల్దియా ఎన్నికలు రాగానే హైదరాబాద్‌లో హామీలు బులెట్ రైలెక్కుతాయి. ఓటేసే ముందు రవాణా గురించి ఎవరేం చెబుతున్నారో పోల్చి చూద్దామనుకునే అమాయకులు ఇంకా మిగిలున్నారా? అయితే 2020 నాటి హామీలను ఒకసారి తిరగేయండి. కాలక్షేపానికి కొదవుండదు.

బండి సంజయ్ మాట గుర్తుందా? బీజేపీని గెలిపిస్తే మీ ట్రాఫిక్ చలాన్లు బల్దియానే కడుతుందన్నారు. ఇంకేం? సిగ్నల్ దూకు, హెల్మెట్ ఇంట్లో పెట్టు, ముగ్గురెక్కి తిరుగు. జరిమానా ఊరంతా కలిసి కడుతుంది! బుద్ధిగా ఎర్రలైటు దగ్గర ఆగినోడి ఆస్తిపన్నుతో ఆగనోడికి బహుమానమన్నమాట. ఇది రవాణా విధానమా, రాంగ్ రూట్ పథకమా? అదే పార్టీ మేనిఫెస్టోలో మహిళలకు సిటీ బస్సుల్లో, మెట్రోలో ఉచిత ప్రయాణం కూడా ఉంది. టీఆర్ఎస్ ఊరుకుంటుందా? విమానాశ్రయం దాకా మెట్రో అంది.

వినసొంపుగానే ఉంది. కానీ సిటీ బస్సు ఎవరిది? ఆర్టీసీది. ఆర్టీసీ ఎవరి చేతిలో ఉంది? రాష్ట్ర ప్రభుత్వం చేతిలో. ఎంఎంటీఎస్ రైల్వేది. చలాన్లు రాసేది పోలీసులు. మెట్రో ఎటు పోవాలో తేల్చేది సచివాలయం. ఇందులో మన కార్పొరేటర్ వాటా ఎంత? గుండుసున్నా. మహిళలకు ఉచిత బస్సు 2023 డిసెంబర్‌లో నిజంగానే వచ్చింది. ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. అందులో బల్దియా చెయ్యి ఎక్కడుంది?

మెట్రో ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. 2022 డిసెంబర్‌లో కేసీఆర్ విమానాశ్రయ మెట్రోకు శంకుస్థాపన చేశారు. ఏడాదికే ప్రభుత్వం మారింది. రేవంత్ రెడ్డి వచ్చి ఆ మార్గాన్ని పక్కన పడేశారు. 2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకు ఫలక్‌నుమాలో మరో రాయి వేశారు. అసలు ఆ పాతబస్తీ మార్గం మొదటి దశలోనే ఉండాల్సింది! 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి మూసీ గట్టున ఆగిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మనకైతే సోమలింగాలు ఇద్దరు.

రూటు మార్చడంలో మాత్రం మన నాయకులకు సాటి లేరు. 2021లో గులాబీ కండువాతో మేయరైన గద్వాల విజయలక్ష్మి 2024లో కాంగ్రెస్‌లోకి వెళ్లిపోయారు. కుర్చీ అదే, కండువా వేరు. ఈ ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కోనిది కండువా ఒక్కటే.

మరి బల్దియా చేతిలో ఏమీ లేదా? ఎందుకు లేదు! 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు తీసి చూడండి. రోడ్లున్నాయి. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, మరుగుదొడ్లు ఉన్నాయి. అవునండీ, బస్టాపులు కూడా ఉన్నాయి. పురపాలక సంఘాలు చూసుకోదగ్గ పనులని రాజ్యాంగమే చెప్పిన జాబితా అది. ఏ అభ్యర్థి నోటైనా విన్నారా? వినరు. బస్టాపుకు డ్రోన్ షో పెట్టలేరు. ఫుట్‌పాత్‌కు పూర్ణకుంభం పట్టలేరు. గుంత పూడిస్తే పేపర్లో ఫొటో పడదు. అందుకే 2018లో ఖైరతాబాద్‌లో ఏసీ బస్టాపు కట్టి రిబ్బన్ కత్తిరించారు. చల్లటి గాలి సరే, మిగతా ఊరికి కనీసం నీడ ఏది సారూ? చాలాచోట్ల బస్‌షెల్టర్ అంటే ముందు హోర్డింగు, వెనక టీకొట్టు, రోడ్డు మధ్యలో జనం. బస్సు ఆ ముగ్గురినీ తప్పించుకుని ముప్పై గజాల అవతల ఆగుతుంది. చంటిబిడ్డనెత్తుకున్న తల్లి పరుగెత్తాలి. ముసలాయన పరుగెత్తలేడు. ఆయన ఓటు మాత్రం కావాలి.

2020లో సగం మంది కూడా ఓటెయ్యలేదని మేధావులు తెగ బాధపడ్డారు. పోలింగ్ బూత్ దాకా నడవడానికి దారి ఉందా అని ఒక్కరైనా అడిగారా?

ఈసారి గల్లీలోకి ఏ జెండా వచ్చినా విమానాశ్రయం మాట ఎత్తనివ్వకండి. చలాన్ల మాట అసలే వద్దు. “అన్నా, మా ఇంటి నుంచి బస్టాపు దాకా ఫుట్‌పాత్ మీదనే నడిచి చూపియ్” అనండి. నడుస్తానంటే ఇంకో మాట కూడా చెప్పండి: “జర ఆగన్నా, ముందు నీ ప్రచార బండి దాని మీదికెళ్లి తియ్యి!”