పాతిక, పన్నెండు, తొమ్మిది: ఒక టైరు శ్లోకానికి టీకా తాత్పర్యం

మెదక్ సీమలోని కొలిచెలమ వాడు మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే ఒట్టేసుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. ఆ ఒట్టు పట్టుకుని రఘువంశం చివరిదాకా వెళ్లడం సామాన్యుల వల్ల అయ్యే పని కాదు. ఇక్కడ తీసుకున్న మూలం మాత్రం ఒక్క పాదమే. తాటాకు మీద కాదు, రబ్బరు మీద ఉబ్బెత్తుగా పోతపోసి ఉంది. బురద కడిగితే తప్ప కనబడదు.

మూలం: ఏటీ 25×12.00-9 ఎన్‌హెచ్‌ఎస్.

అవతారిక. ఈ పాదం ఆరు చక్రాల ఉభయచర బండ్ల టైర్ల మీద కనిపిస్తుంది. ఈ బండ్ల వంశం 1960ల మొదట్లో కెనడాలో జిగర్ అనే బుల్లి వాహనంతో ఊపందుకుంది. ఒంటారియో ప్రావిన్సులోని ఒంటారియో డ్రైవ్ అండ్ గేర్ కంపెనీ 1967లో ఆర్గోను దింపింది. ఈ జాతిలో ఇవాళ్టికీ ఎక్కువగా వినబడే పేరు అదే. చూడటానికి పెద్ద ప్లాస్టిక్ తొట్టి, దానికి అటు మూడు, ఇటు మూడు చక్రాలు. ఒక పక్క మూడింటినీ లోపల గొలుసులు కలిపి ఉంచుతాయి. ఏ చక్రమూ కారు ముందు చక్రంలా పక్కకు తిరగదు. ఒక పక్కను బ్రేకుతో పట్టి ఉంచితే రెండో పక్క ముందుకు నెట్టి బండిని తిప్పుతుంది. కెనడా వేటగాళ్లు, గాలింపు బృందాలు, కరెంటు లైన్ల పనివాళ్లు దీన్ని చిత్తడి నేలల్లోకి, అక్కడి నుంచి నేరుగా చెరువులోకి దించేస్తారు. చాలా మోడళ్లలో స్ప్రింగులు లేవు, నీళ్లలో తోయడానికి వేరే పంకా ఉండదు. ఆ పనులన్నీ టైర్లే చేయాలి. నేల మీద చక్రం, గుంతలో స్ప్రింగు, నీళ్లలో తెప్ప, అదే నీళ్లలో తెడ్డు కూడా. ఒక్క రబ్బరు ముక్కకు నాలుగు ఉద్యోగాలు కాబట్టి వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం. ఏటీ = ఎలాంటి నేల మీదైనా నడిచే బండికి చెందిన; 25 = గాలి నింపినప్పుడు ఇరవై ఐదు అంగుళాల ఎత్తు గల; × = గుణించరాని గుణకార చిహ్నముతో; 12.00 = పన్నెండు అంగుళాల వెడల్పు గల; - = ఏటవాలు దారాల అల్లిక గల; 9 = తొమ్మిది అంగుళాల రిమ్ముకు తగిన; ఎన్‌హెచ్‌ఎస్ = హైవే సేవకు పనికిరానిది, అని అన్వయం.

అడ్డగీతను చాలామంది ఊరికే దాటేస్తారు. వ్యాఖ్యాతకు అది కుదరదు. ఆ చోట ఆర్ అనే అక్షరం ఉంటే రేడియల్ టైరు. గీత ఉంటే దారాలు ఒకదాన్నొకటి ఏటవాలుగా కోసుకుంటూ పొరలు పొరలుగా పేర్చిన పాతకాలపు పద్ధతి. శ్లోకమంతటిలో టైరు లోపలి సంగతి చెప్పేది ఈ ఒక్క గీతే.

ఇక "25" అనే పదం. ఇక్కడే కొనుగోలుదారు మొదటి ఆశలో పడతాడు. ఉన్నవి 22 అంగుళాల టైర్లైతే 25వి వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది కదా అని. పెరుగుతుంది, అంగుళంన్నర. టైరు మూడంగుళాలు పెరిగినా ఇరుసు లేచేది అందులో సగమే. అందుకు చెల్లించేది చూడాలి. అదే గేరులో, అదే ఇంజను వేగంలో బండి దాదాపు 14 శాతం ఎక్కువ వేగంగా పోతుంది. నేలను తోసే బలం మాత్రం 12 శాతం తగ్గుతుంది. బురదలో కావలసింది వేగమా, బలమా అన్నది ఏ ట్రాక్టరు డ్రైవరునడిగినా చెబుతాడు. పైగా ఆ భారమంతా గొలుసుల మీద, బ్రేకుల మీద పడుతుంది. పక్కపక్క చక్రాల మధ్య సందు కూడా తగ్గుతుంది. మెత్తటి టైరు బరువుకు ఉబ్బితే పక్కదాన్ని రాసుకుంటుంది.

"12.00" గురించి కాస్త ఎక్కువసేపు ఆగాలి. బండి, మనుషులు, సామాను కలిపి 800 కిలోలు అనుకుందాం. చక్రానికి సుమారు 133 కిలోలు. టైరులో 3 పీఎస్‌ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 210 గ్రాములు, ఆ బరువు మోయడానికి టైరు సుమారు 630 చదరపు సెంటీమీటర్ల మేర నేల మీద పరుచుకోవాలి. టైరు గోడల బిరుసును లెక్కలోంచి తీసేస్తే, 30 సెంటీమీటర్ల వెడల్పు టైరుకు 21 సెంటీమీటర్ల పొడవు ముద్ర సరిపోతుంది. కాళ్ల మీద నిలబడ్డ మనిషి నేల మీద వేసే ఒత్తిడి కూడా ఇంచుమించు ఇంతే. కారు టైరులో ఉండే 30 పీఎస్‌ఐ దీనికి పది రెట్లు. కాబట్టి ఈ శ్లోకంలో అసలు కథానాయకుడు గాలి. పాదంలో ఎక్కడా కనబడకుండా కథ నడిపిస్తాడు.

మెత్తటి గాలితిత్తి మీద దొర్లించడమనే ఆలోచన ఈ బండ్ల కంటే పాతది. విలియం ఆల్బీ అనే అమెరికన్ అలాస్కాలో స్థానికులు గాలి నింపిన సీల్ చర్మాల మీద పడవను దొర్లించుకుపోవడం చూసి, తర్వాత రోలిగాన్ అనే బుడగటైర్ల బండికి శ్రీకారం చుట్టాడు. ఆ మాటకొస్తే 25 అంగుళాల టైరు కూడా సంచే. కొలతల ప్రకారం లోపలి చోటు 80 లీటర్లు దాటుతుంది. గుండ్రటి భుజాలకూ తయారీ తరుగుకూ తీసేసినా 60 లీటర్ల చుట్టుపక్కల నిలుస్తుంది. పూర్తిగా మునిగితే అన్ని కిలోల నీటిని పక్కకు నెడుతుంది. టైరూ రిమ్మూ సొంత బరువు పోగా మిగిలినదంతా తొట్టికి సాయం. ఇలాంటివి ఆరు.

పూర్వపక్షం. "ఇంత గొడవెందుకు? బురదకు కావలసింది లోతైన గ్రిప్పు. పెద్ద పెద్ద బటన్లున్న మడ్ టైర్లు ఆరు కొని బిగిస్తే సరి" అని ఒకరు లేస్తారు. ఈ వాదానికి తెలుగునేల మీదే గట్టి సాక్ష్యం ఉంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నాట్లకు ముందు ట్రాక్టర్లకు ఇనప దమ్ము చక్రాలు కడతారు. మోకాలి లోతు మడిలో రబ్బరు టైరు గుండులా జారుతుంటే, ఆ ఇనప పలకలు అడుగున గట్టి నేల దొరికేదాకా దిగి తోస్తాయి. ఆ చక్రాలతోనే తారు రోడ్డెక్కితే రోడ్డు పోతుంది కాబట్టి అధికారులు జరిమానాలు వేస్తుంటారు. పట్టు ఎక్కువైతే పని జరుగుతుందనడానికి మడి సాక్షి. పట్టు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి రోడ్డు సాక్షి.

సమాధానం. అడుగున గట్టి నేల ఉన్న బురదకు పూర్వపక్షి మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ కెనడా ఉత్తరాన మస్కెగ్ అనే చిత్తడి ఉంది. పైన నాచూ వేళ్లూ అల్లుకున్న చాప, కింద నీళ్లతో నానిన కుళ్లు ఆకు మన్ను. అక్కడ గట్టి నేల ఎంత లోతుందో దిగి చూడటం తెలివైన పని కాదు. బండిని మోస్తున్నది ఆ చాపే. లోతైన బటన్లు నాలుగుసార్లు తిరిగేసరికి చాపను చించేస్తాయి, బండి పొట్టతో కూర్చుంటుంది. అక్కడ నిస్సారంగా కనిపించే సన్నగ్రిప్పు టైరే గెలుస్తుంది. చాప ఉన్నచోట చాపను కాపాడాలి, గట్టి అడుగు ఉన్నచోట దాన్ని వెతకాలి. ఏ నేల మీద తిరగాలో చెప్పకుండా "మంచి మడ్ టైరు ఏది" అని అడిగినవాడికి జవాబు చెప్పినవాడు వ్యాఖ్యాత కాడు, అంగడివాడు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఈ బండి తిరిగిన ప్రతిసారీ చక్రాలు పక్కకు ఈడ్చుకుంటాయి. గ్రిప్పు ఎంత గట్టిదైతే ఆ ఈడ్పు అంత కష్టం. బురదలో ఆదుకున్న బటన్లే ఎండిన గడ్డి మీద పక్కకు జారనని మొండికేస్తాయి, గొలుసులు మూలుగుతాయి, గడ్డి దున్నినట్టవుతుంది. అందుకే అనుభవజ్ఞులు మధ్య చక్రాల్లో కాస్త ఎక్కువ గాలి పెడతారు. మధ్యది కొద్దిగా ఉబ్బితే ముందూ వెనకా చక్రాల మీద బరువు తగ్గి, బండి నడుము మీద తిరుగుతుంది. గాలి మరీ ఎక్కువైతే ఎత్తుపల్లాల్లో ఊగుతుందని కూడా వాళ్లే చెబుతారు.

లోతు కన్నా బటన్ల మధ్య సందుకు ఎక్కువ విలువివ్వాలని ఈ వ్యాఖ్యాత పక్షం. జిగురు మట్టి సందుల్లో ఇరుక్కుంటే ఎంత లోతు గ్రిప్పైనా గుండుటైరే. వేగంగా తిరిగే చక్రం మట్టిని విసిరేస్తుంది. ఈ బండ్లది నత్తనడక కాబట్టి ఆ సుఖం లేదు. టైరు మెత్తగా నలిగినప్పుడు సందులు తెరుచుకుని మట్టి ఊడిపడాలి. అంటే మళ్లీ తక్కువ గాలి దగ్గరికే వచ్చాం. నీళ్లలోనూ అడ్డంగా నిలిచిన వెడల్పాటి బటన్లే తెడ్డులా పనిచేస్తాయి. అయినా వేగం గంటకు ఐదు కిలోమీటర్ల చిల్లరే. చెరువుల్లో ఎక్కువ తిరిగేవారు చిన్న పడవ మోటారు బిగించుకుంటారు.

పాఠాంతరం. ఇదే కథను ఆరు బదులు నాలుగు చక్రాలతో చెప్పిన ప్రతి ఒకటి భారత సైన్యం దగ్గర ఉంది. ఆటోర్ ఎన్1200 అనే ఆ బండికి మాతృక షెర్ప్. టైరు దాదాపు మనిషెత్తు. 2025 ఆగస్టులో పంజాబ్ వరదల్లో అమృత్‌సర్ జిల్లా పల్లెల్లోకి సైన్యం దీన్ని దింపింది, మునిగిన దారుల్లో జనాన్ని ఎక్కించుకుని వచ్చింది. షెర్ప్ బండ్లు ఇంజను పొగతోనే టైర్లు నింపుకుంటాయి. గాలి విషయంలో ఇంతకంటే ఘనమైన భాష్యం మరొకటి లేదు. ఆర్గో కొన్నవాడికి ఆ భాగ్యం లేదు, చేతి పంపు ఉంది.

ఖిలభాగం. ఆరు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి కొన్నా కొత్తవాటిలోనూ చుట్టుకొలత తేడా ఉండొచ్చు. గొలుసులు కలిపిన మూడు చక్రాలు సమానంగా తిరుగుతాయి కాబట్టి చుట్టుకొలత తేడా ఉన్నది నేలను గీకుతూ మిగతావాటితో కొట్లాడుతుంది. పెద్దవన్నీ ఒక పక్క చేరితే బండి రెండో పక్కకు లాగుతుంది. అందుకని అన్నింటిలో ఒకే గాలి పెట్టి, ఒక రాత్రి వదిలేసి, కొలత టేపుతో చుట్టూ కొలిచి, సుద్దతో అంకె వేసి జత కట్టాలి. గాలి చూడటానికి పెట్రోలు బంకు గేజి పనికిరాదు. 100 దాకా లెక్కపెట్టే ముల్లు 2కూ 4కూ తేడా చెప్పలేదు. చిన్న అంకెల గేజి విడిగా కొనాలి.

తక్కువ గాలితో పక్కకు ఈడ్చినప్పుడు టైరు అంచు రిమ్ము మీంచి ఊడిపోవడం కూడా ఉంది. అడవి మధ్యలో అలా జరిగితే ముందు రిమ్ము గాడిలో ఇరుక్కున్న పుల్లలూ బురదా గీకాలి. సామాను కట్టే బిగింపు పట్టీని టైరు చుట్టూ నడిమధ్యన వేసి లాగితే అంచులు రెండు పక్కలకూ ఉబ్బి రిమ్మును తాకుతాయి. అప్పుడు పంపు కొట్టాలి, గాలి నిలవడం మొదలవగానే పట్టీ తీసేయాలి. అంచు ఒకటి, కాసేపటికి రెండోది టప్పుమని కూర్చుంటాయి. ఆ తర్వాతే గాలి మళ్లీ మూడుకు దించి, ఇంజను స్టార్ట్ చేయాలి.